గుట్ట మీద గాలిమరలు: పట్టా భూమి లీజు, గొర్రెల మేత, కృష్ణజింకలు. సంతకానికి ముందు ఏమేం తేల్చుకోవాలి?

కొండకింద_చేను:

నమస్కారం. శ్రీ సత్యసాయి జిల్లాలో ఒక గుట్టను ఆనుకుని మా ఉమ్మడి కుటుంబానికి 42 ఎకరాలు ఉంది. సగంలో వేరుశనగ, కంది. మిగతాది బీడు. ఒక గాలి విద్యుత్ కంపెనీ మూడు మిషన్లు పెడతామని వచ్చింది. రెండు మా పట్టాలో, ఒకటి పైన గుట్ట పోరంబోకులో. ఒక్కోటి 3 మెగావాట్లు, టవరు 140 మీటర్లు, రెక్కలు తిరిగే చుట్టు అడ్డకొలత 150 మీటర్లు. లీజు 30 ఏళ్లు.

గుట్ట మీద ఊరి గొర్రెలన్నీ మేస్తాయి. చెరువులోకి నీళ్లు వచ్చేది ఆ వంకల నుంచే. మా బీడు భూమిలో కృష్ణజింకలు తిరుగుతాయి. ఇంట్లో కొందరు వెంటనే సంతకం పెడదామంటున్నారు, గొర్రెల కాపర్లేమో అసలే వద్దంటున్నారు. ఇటు ఊరు చెడకుండా, అటు ఆదాయం పోకుండా చేసుకునే దారి ఉందా? అగ్రిమెంటులో, మ్యాపులో ఏం చూడాలో వివరంగా చెప్పండి.

లీజు_లెక్క:

ముందు భూమి కాగితాలు. 1బి (పట్టాదారు వివరాలు), అడంగల్ (సాగు వివరాలు), ఈసీ (రిజిస్ట్రేషన్ లావాదేవీల పత్రం)తో పాటు పాత ఆర్‌ఎస్‌ఆర్ (సర్వే నాటి భూమి రిజిస్టరు) కూడా తీయించండి. 42 ఎకరాల్లో ఏ ముక్క అయినా డీకేటీ పట్టానా (ప్రభుత్వం అసైన్ చేసిన భూమి), చుక్కల భూమా (ఆర్‌ఎస్‌ఆర్‌లో యజమాని పేరు చోట చుక్కలున్నది), రిజిస్ట్రేషన్ చేయకూడని 22ఏ నిషేధిత జాబితాలో ఉందా అని సర్వే నంబరు వారీగా చూడాలి. 1977 అసైన్డ్ భూముల చట్టం లీజును కూడా బదలాయింపుగానే లెక్కిస్తుంది. తర్వాత సవరణలు వచ్చాయి కాబట్టి మీ నంబర్లకు ఏది వర్తిస్తుందో తహసీల్దారు దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. ఉమ్మడి ఆస్తి అంటున్నారు, వాటాదారులందరి సంతకాలూ ఉండాలి. ఏడాది మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నోటరీ కాగితంతో పని మొదలుపెట్టనివ్వకండి.

అద్దె ఏటా పెరిగే షరతు లేకపోతే ఏమవుతుందో చూడండి. ధరలు ఏటా 5 శాతం పెరుగుతాయనుకుంటే, ఇవాళ్టి లక్ష రూపాయల అద్దె 25 ఏళ్లకు దాదాపు 30 వేల విలువకు పడిపోతుంది. అద్దెకు బదులు, లేదా అద్దెతో పాటు, రాబడిలో వాటా అడగవచ్చు. 3 మెగావాట్ల మిషను ఏడాది సగటున 30 శాతం సామర్థ్యంతో నడిస్తే 78.84 లక్షల యూనిట్లు వస్తాయి. యూనిట్ మూడున్నర రూపాయలనుకుంటే రెండు కోట్ల 76 లక్షలు. ఒక్క శాతం వాటా అంటే ఏటా 2 లక్షల 76 వేలు. సామర్థ్యం, ధర ఇక్కడ ఉదాహరణకు వేసుకున్నవే. మీ ప్రాజెక్టుకు కరెంటు కొనుగోలు ఒప్పందంలో ఉన్న ధర అడిగి మళ్లీ లెక్క కట్టండి. వాటా ఒప్పుకుంటే సబ్‌స్టేషన్ మీటరు రీడింగు నెలనెలా మీకు ఇవ్వాలని రాయించాలి. అది లేకపోతే ఎంత కరెంటు తయారై బయటికి వెళ్లిందో మీకు తెలిసే దారి లేదు.

కూల్చివేత షరతును చాలామంది వదిలేస్తారు. ఈ ప్రాజెక్టులు ఒక్కోదానికి ఒక్కో చిన్న కంపెనీ పేరుతో ఉంటాయి, చేతులు మారుతూనే ఉంటాయి. చివరికి మిగిలేది మీ చేలో టవరు. కాబట్టి కూల్చివేత ఖర్చుకు బ్యాంకు గ్యారంటీ అడగండి. పదో ఏట మొదలుపెట్టి ఏటా కొంత జమ చేసే పద్ధతైనా సరే. పునాదిని నేలమట్టం నుంచి కనీసం మీటరు లోతు వరకు పగలగొట్టి తీసేయాలని, పైన మట్టి కప్పాలని, రెక్కల ముక్కలు ఊళ్లో వదలకూడదని రాయించండి. కంపెనీని ఎవరు కొన్నా ఈ షరతులు వాళ్లకూ వర్తించాలి.

ఇంకొకటి, 33 కేవీ లైన్లు. కేంద్ర విద్యుత్ శాఖ 2015లో, మళ్లీ 2024లో ఇచ్చిన పరిహారం మార్గదర్శకాలు 66 కేవీ, అంతకు పైబడిన లైన్లకు. మిషన్ల నుంచి సబ్‌స్టేషన్‌కు పోయేవి మామూలుగా 33 కేవీ. ఎన్ని స్తంభాలు, ఏ గట్టు మీద, స్తంభానికి ఎంత అనేది మీ ఒప్పందంలోనే ఉండాలి.

వంకనీళ్లు:

పైన చెప్పినవన్నీ సరే. కానీ గొడవకు అసలు మూలం టవరు కాదు, దారి. కొలతలు చూడండి. పునాది అడ్డకొలత 20 మీటర్లనుకుంటే అది ఆక్రమించేది ఎనిమిది సెంట్లు కూడా ఉండదు. అదే గుట్ట ఎక్కడానికి 1.2 కిలోమీటర్ల దారి తీసి, తవ్విన అంచులతో కలిపి 12 మీటర్ల వెడల్పు పాడైతే మూడున్నర ఎకరాలు దాటిపోతుంది. 70 మీటర్లకు పైబడిన రెక్కను మోసే ట్రైలరు నిటారు వాలు ఎక్కలేదు, ఇరుకు మలుపు తిరగలేదు. అందుకే దారి గుట్టను చుట్టుకుంటూ పోతుంది, వంక అడ్డం వచ్చిన ప్రతిచోటా దాన్ని కోస్తుంది.

మీ జిల్లాలోనే కల్పవల్లి ఉంది. రికార్డుల్లో బంజరుగా ఉన్న గుట్టలను చుట్టుపక్కల ఊళ్లవాళ్లు 1990ల నుంచి టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో కాపాడి పచ్చగా చేసుకున్నారు. తర్వాత అక్కడ గాలిమరలు వచ్చాయి. దారుల కోసం గుట్టలు తొలిచి మట్టి వాలు మీదికి తోయడం, మేత పోవడం, వంకలు పూడిపోవడం మీద వివాదం హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ జాబితాలో గాలి విద్యుత్ లేదు. అంటే ప్రజాభిప్రాయ సేకరణ దానంతటది జరగదు. అందుకే ఆ పనంతా మీ ఒప్పందం, ఊరి తీర్మానమే చేయాలి.

మ్యాపు మీద ఇవి పట్టుకోండి. దారి వీలైనంత వరకు పాత బండ్లబాట మీదే పోవాలి. తవ్విన మట్టిని వాలు మీద వదలకూడదు, ఏ లోతట్టులో పోస్తారో ముందే గుర్తించాలి. పై 20 సెంటీమీటర్ల మట్టిని విడిగా, ఎత్తు తక్కువ కుప్పలుగా పెట్టి పని కాగానే తిరిగి పరవాలి. బోద గడ్డి వేర్లు, విత్తనాలు ఉండేది ఆ పై పొరలోనే, అది రాళ్ల కింద పోతే గడ్డి తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. వంక దాటే ప్రతిచోటా తూము కావాలి. 300 మిల్లీమీటర్ల పైపు వేసి సరిపెడతారు, అది ఒక్క వానకే కంపతో, ఇసుకతో మూసుకుపోయి నీళ్లు దారి మీదుగా పొర్లి కింద చేను కోసేస్తాయి. చిన్న వంకకే 900 మిల్లీమీటర్లు అడగండి, పెద్ద వంకకు ఇంజనీరుతో పరీవాహక ప్రాంతం లెక్క కట్టించాలి. పైపు దిగువన రాళ్ల పరుపు ఉండాలి.

నిర్మాణం వానాకాలం ముందే ముగియాలి. ఒక పునాదికి 500 ఘనపు మీటర్ల కాంక్రీటు అనుకోండి, ఆరు ఘనపు మీటర్ల మిక్సర్ లారీలు 80కి పైగా ట్రిప్పులు, దాదాపు ఒకే విడతలో. మీ పంచాయతీ రోడ్డు దానికి తట్టుకోదు. ముందే వీడియో తీయించి, బాగుచేసే హామీ డిపాజిట్ రూపంలో తీసుకోండి.

బట్టమేక_పిట్ట:

జింకల గురించి. తిరిగే రెక్క కంటే కంచె, కుక్కలు, రాత్రి లారీలు వాటికి ఎక్కువ చేటు. మిషను చుట్టూ కంచె వేయాలంటే ట్రాన్స్‌ఫార్మరు వరకే వేయనివ్వండి, లీజుకిచ్చిన మొత్తం భూమికీ వద్దు. గొర్రెలకూ అదే మేలు. "నిర్మాణం తర్వాత పునాది, ట్రాన్స్‌ఫార్మరు మినహా మిగతా చోట మేతకు, సాగుకు హక్కు భూయజమానిదే" అన్న వాక్యం లీజులో ఉండాలి.

పక్షుల సంగతి వేరు. గద్దలు, రాబందులు గుట్ట అంచున పైకి లేచే గాలిని ఆసరా చేసుకుని తిరుగుతాయి. మిషన్లకు మంచి గాలి దొరికేదీ అక్కడే. అంచు నుంచి వెనక్కి జరిపితే ప్రమాదం తగ్గుతుంది, కొంత కరెంటు కూడా తగ్గుతుంది. ఆ బేరం చేయదగ్గదే. మహారాష్ట్ర సతారా జిల్లా చాళ్కేవాడి పీఠభూమి మీద చేసి 2018లో అచ్చైన అధ్యయనంలో, మిషన్లున్న చోట వేట పక్షులు, మిషన్లు లేని చోటితో పోలిస్తే నాలుగో వంతే కనిపించాయి, వాటి భయం లేక బల్లులు పెరిగాయి. అంటే చచ్చిన పక్షుల లెక్క ఒక్కటే చాలదు.

లైన్లు మరీ ముఖ్యం. నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యం 1988లో బట్టమేక కోసమే పెట్టారు. ఆ పక్షి బరువైనది, ఎదురుగా ఉన్న తీగను సమయానికి చూడలేదు, చూసినా చటుక్కున తిరగలేదు. మీ దగ్గర బట్టమేక లేకపోయినా కొంగలకు, గద్దలకు ఇదే ముప్పు. బీడు దాటే 33 కేవీ లైను భూగర్భ కేబుల్‌గా అడగండి. ఒప్పుకోకపోతే తీగలకు పక్షి హెచ్చరిక బిళ్లలు, స్తంభం మీద కరెంటు ఉన్న భాగాల మధ్య కనీసం ఒకటిన్నర మీటర్ల ఎడం, జంపర్లకు (స్తంభం దగ్గర తీగల్ని కలిపే ముక్కలకు) ఇన్సులేషన్ తొడుగు.

గబ్బిలాలు ఎక్కువగా చచ్చేది గాలి తక్కువున్న రాత్రుల్లో. మిషను సెకనుకు 3 మీటర్ల గాలికే తిరగడం మొదలుపెడుతుంది. రాత్రిపూట ఆ హద్దును 5కు పెంచితే మరణాలు సగానికి పైగా తగ్గినట్టు అమెరికాలో తేలింది, ఏడాది ఉత్పత్తిలో పోయేది ఒక శాతం లోపే. ఇది సాఫ్ట్‌వేర్‌లో మార్చే అంకె, కొత్త సామాను అక్కర్లేదు. నార్వేలోని స్మోలా దీవిలో ఒక రెక్కకు నల్ల రంగు వేసి పక్షుల మరణాలు 70 శాతం తగ్గించారు గానీ అది నాలుగు మిషన్ల పరీక్షే, ఇక్కడ విమానయాన రంగుల నిబంధనలూ చూసుకోవాలి.

గొర్రె చస్తే మిషన్ల దగ్గర పడేయకూడదని కాపర్లతో కలిసి నియమం పెట్టుకోండి. కళేబరం గద్దల్ని రెక్కల కిందికి పిలుస్తుంది. దూరంగా లోతుగా పూడ్చాలి.

లీజు_లెక్క:

నేను వదిలేసిన దూరాలు. కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ 2016 మార్గదర్శకాల ప్రకారం నివాస గృహానికి 500 మీటర్ల లోపు మిషను పెట్టకూడదు. రోడ్లకు, కట్టడాలకు టవరు ఎత్తు, రెక్కల చుట్టులో సగం, ఇంకో 5 మీటర్లు కలిపినంత దూరం. మీ మిషనుకు 140, 75, 5 కలిపి 220 మీటర్లు. చేలో కాపురమున్న ఇల్లు మ్యాపులో లేకపోతే ఇప్పుడే చేర్పించండి.

ఊరికి ఏటా ఇంత నిధి అని కంపెనీ అంటుంది. గుడి రంగులకో, ప్రహరీకో పోతుంది. నిధితో పాటు గొర్రెల దారి, నీళ్ల తొట్టి, చెరువు పూడికతీత పేరుపేరునా రాయించుకోండి.

వంకనీళ్లు:

నిధి విషయంలో కొంచెం తేడాగా చెబుతాను. నగదు కూడా కావాలి, కానీ ఎవరి చేతికి అన్నదే ప్రశ్న. గుట్ట పోరంబోకు వల్ల నష్టపోయేది భూమిలేని గొర్రెల కాపరి, లీజు డబ్బు వచ్చేది మీకు. ఈ రెండూ ఒకే ఊళ్లో ఉన్నాయి కాబట్టి గొర్రెల పెంపకందార్ల సంఘానికి విడిగా వాటా పెట్టించండి. సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరి ఉమ్మడి భూములను కాపాడాలని గట్టి తీర్పు ఇచ్చింది. గ్రామసభ తీర్మానంలో దాన్ని ప్రస్తావించి, మేతకు ఏ భాగం వదలాలో సర్వే నంబర్లతో రాయండి.

కొండకింద_చేను:

అందరికీ ధన్యవాదాలు. వచ్చే వారం సర్వేయరు రాళ్లు పాతడానికి వస్తున్నాడు. ఆ రోజు ఏం చేయాలి?

వంకనీళ్లు:

ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు చేతిలో పెట్టుకోండి. టవరు మధ్య బిందువుతో పాటు దారి మధ్య గీత, రెండు అంచులు, మట్టి పోసే చోటు, లైను స్తంభాలు కూడా గుర్తించమనండి. ప్రతి గుర్తు దగ్గర ఫోన్‌లో లొకేషన్ కనిపించేలా ఫొటో తీయండి. ఇద్దరు కాపర్లను వెంట తీసుకెళ్లండి. వానొస్తే ఏ వంక ఎంతవరకు పారుతుందో, ఏ బండ వెనక తోడేలు పిల్లలు పెడుతుందో వాళ్లకే తెలుసు. దారి గుర్తులు పెట్టకుండా టవరు గుర్తు ఒక్కటే పెడితే పంచనామా మీద సంతకం చేయకండి.