మా తాత రంగూన్ కథ సినిమాగా రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరికీ నమస్తే. నేను కథలు రాస్తుంటాను. సినిమావాళ్ళతో రెండుసార్లు పనిచేశా, ఒకసారి నా కథ తీసుకుని ఏడాదిన్నర తిప్పి వదిలేశారు, ఇంకోసారి డైలాగులు రాస్తే టైటిల్స్‌లో పేరే వెయ్యలేదు, ఆ బాధ ఇంకా పోలేదు.

ఇప్పుడు మా తాత కథ తీయించాలని ఉంది. శ్రీకాకుళం నుంచి బర్మాలోని రంగూన్ వెళ్ళి బియ్యం మిల్లులో కూలి చేశాడు, 1941 డిసెంబర్‌లో జపాన్ బాంబులు పడ్డాక వేలమందితో పాటు నడక మొదలుపెట్టి అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ (ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది) చేరాడు, దారిలో కలరాతో తమ్ముడు పోయాడు. నానమ్మ చెప్పినదంతా నాలుగు క్యాసెట్లలో దాచుకున్నా.

ముందు నవలగా అచ్చేయించాలా, లేక నేరుగా స్క్రిప్ట్ రాసి రైటర్స్ అసోసియేషన్‌లో రిజిస్టర్ చేయించాకే వినిపించాలా? చిన్నాన్నల సంతకాలు కూడా కావాలా? ఇలాంటిది చేసినవాళ్ళుంటే ప్లీజ్ చెప్పండి.