అప్‌డేట్: మోకా పాట్ కాఫీ చేదు తగ్గింది
ఇటలీలోని బొలోన్యాలో కొన్న, కట్టెల మంట మీద వేయించిన కాఫీ పొడి మోకా పాట్‌లో (పొయ్యి మీద పెట్టే ఇటాలియన్ కాఫీ పాత్ర; అడుగున కాగే నీళ్లు పొడి గుండా పైకి ఎక్కి డికాషన్ అవుతాయి) మాడు చేదు వస్తోందని మొన్న అడిగాను కదా. తప్పు పొడిది కాదు, నాదే. మన ఫిల్టర్‌లోలా పొడిని అదిమేదాన్ని! ఇప్పుడు చెంచాతో నింపి, పైన సమం చేసి వదిలేస్తున్నాను. నీళ్లు అడుగుభాగానికుండే ఆవిరి వాల్వ్ కిందికే, అదీ ముందే కాచినవి. వేడి అడుగుభాగాన్ని బట్టతో పట్టుకుని పైభాగం బిగించాలి (నాకు ఒకసారి చేయి కాలింది). మంట బాగా సన్నగా. ముదురు తేనెలా కారుతున్న డికాషన్ రంగు పాలిపోయి బుడబుడమనగానే దించి, అడుగుభాగాన్ని కుళాయి కింద పెడుతున్నాను.

నిదానంగా వేగిన గింజల కమ్మదనం ఇప్పుడు నాలుకకు తెలుస్తోంది. పాలు కలపమన్నవాళ్లకు: కలిపాను, అదిరింది. ఇటాలియన్లకు పాల కాఫీ అంటే పొద్దుటి పూటే కదా, అందుకే సాయంత్రం పూట కలిపానని పక్కింటి ఇటాలియన్ మామ్మగారికి మాత్రం చెప్పలేదు.