మార్ట్‌గేజర్ ఎవరు, మార్ట్‌గేజీ ఎవరు?

ప్రశ్న
మా ఇంటి అప్పు పోయిన నెలతో పూర్తిగా తీరిపోయింది. అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వవలసిందిగా బ్యాంకుకు ఇంగ్లీషులో ఉత్తరం రాస్తూ, అప్పు ఇచ్చింది బ్యాంకే కదా అన్న ఆలోచనతో బ్యాంకును మార్ట్‌గేజర్ అనీ, పుచ్చుకున్న నన్ను మార్ట్‌గేజీ అనీ పేర్కొన్నాను. మా అన్నయ్య చదివి, రెండూ తారుమారయ్యాయన్నారు. ఎంప్లాయర్ జీతం ఇస్తారు, ఎంప్లాయీ తీసుకుంటారు. మరి ఇక్కడ ఎందుకు తిరగబడిందో దయచేసి వివరించగలరు.

జవాబు 1
మీ అన్నయ్యగారు చెప్పిందే సరైనదండీ. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ ప్రకారం, అప్పుకు హామీగా ఫలానా స్థిరాస్తిలోని ఒక హక్కును బదిలీ చేయడమే మార్ట్‌గేజ్. బదిలీ చేసినవారు మార్ట్‌గేజర్, పొందినవారు మార్ట్‌గేజీ. డబ్బు బ్యాంకు నుంచి మీకు వచ్చినా, ఈ పేర్లు వచ్చింది మీ నుంచి బ్యాంకుకు వెళ్లిన హక్కును బట్టి. తెలుగులో ఈ తికమక లేనే లేదు: తాకట్టు పెట్టినవారు మీరు, పట్టినవారు బ్యాంకు. ‘ది బ్యాంక్ మార్ట్‌గేజ్డ్ మై హౌస్’ అని రాయడం కూడా ఇదే పొరపాటు. ‘ఐ మార్ట్‌గేజ్డ్ మై హౌస్ టు ది బ్యాంక్’ అని రాయాలి.

జవాబు 2
తనఖా రిజిస్టరై ఉంటే మీ ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి చూడండి. పార్టీల గడిలో మీ పేరు ముందు ఎంఆర్ అనీ, బ్యాంకు పేరు ముందు ఎంఈ అనీ ఉంటుంది. మార్ట్‌గేజర్ స్పెల్లింగు విషయంలోనూ జాగ్రత్త అవసరం. నిఘంటువుల్లో ఇ-ఆర్‌తో ముగిసే రూపం కనిపించినా, చట్టం వాడింది ఓ-ఆర్ రూపాన్నే కనుక ఉత్తరంలో అదే రాయండి. జి తరువాత ఓ వచ్చినా ‘జ’గానే పలకాలి, టి అసలు పలకదు.

జవాబు 3
అప్పు తీర్చి దస్తావేజులు తిరిగి అడిగే హక్కును అదే చట్టం 60వ సెక్షన్ మార్ట్‌గేజర్‌కు ఇచ్చింది. మీరు మొదట రాసినదాని ప్రకారమైతే ఆ హక్కు బ్యాంకుదైపోతుంది! అప్పు తీరిన తేదీని కూడా తప్పక రాయండి. రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశం ప్రకారం దస్తావేజులు 30 రోజుల్లోగా తిరిగి ఇవ్వాలి. ఆలస్యం బ్యాంకు వల్లనే జరిగితే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి.

ప్రశ్న అడిగినవారు
అందరికీ కృతజ్ఞతలు. ఉత్తరంలో మూడుచోట్ల నన్ను నేను మార్ట్‌గేజీ అని రాసుకున్నాను, మూడూ దిద్దాను. ఇప్పుడు మొదటి వాక్యం ఇలా ఉంది: ‘ఐ, ది మార్ట్‌గేజర్, రిక్వెస్ట్ యు, ది మార్ట్‌గేజీ, టు రిటర్న్ మై టైటిల్ డీడ్స్.’ దాని కిందనే అప్పు తీరిన తేదీ వేశాను.