అప్‌డేట్: కళావారంలో ప్రసంగాలకు సమయం కేటాయించాలా?

సమకాలీన కళావారంలో ప్రసంగాలకూ అనుబంధ కార్యక్రమాలకూ సమయం కేటాయించడం అవసరమా అని కిందటి నెలలో అడిగాను. ముందుగా ప్రదర్శనలే చూడమని ఎక్కువమంది సలహా ఇచ్చినా, నేను క్యురేటర్ (ప్రదర్శనకు కళాకృతులను ఎంచి అమర్చే వ్యక్తి) వెంట నడిచే పర్యటనతోనే మొదలుపెట్టాను. గోడమీది వివరణ చదివినా అంతుపట్టని ఒక వీడియో ఇన్‌స్టలేషన్ (వీడియోను ఒక స్థలంలో అమర్చి రూపొందించిన కళాకృతి), దాన్ని చీకటి గదిలోనే ఎందుకు అమర్చారో, శబ్దాన్ని అంతగా ఎందుకు తగ్గించారో ఆమె చెప్పిన తరువాత పూర్తిగా వేరుగా కనిపించింది. రెండు చర్చాగోష్ఠులు విన్నాను. ఒకటి పరస్పర ప్రశంసలతోనే ముగిసింది. 1895లో మొదలై, ఇటలీలో రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ కళాప్రదర్శన వెనిస్ బినాలేలో లాభాపేక్షలేని సంస్థలు నిర్వహించే అనుబంధ కార్యక్రమాలకు ప్రధాన క్యురేటర్ ఆమోదం ఉండాలని రెండో గోష్ఠిలో తెలిసింది. నేను వెళ్లినచోట అలాంటి వడపోత లేనందువల్లనే కాబోలు, నాణ్యతలో అంత తేడా. స్టూడియో సందర్శనకు ముందుగా పేరు నమోదు చేసుకోనందున గుమ్మం దగ్గరనుంచే వెనుదిరిగాను.