పేగు క్యాన్సర్ ఎంతవరకు పాకిందో స్కాన్ చూసి కంప్యూటర్ చెబితే నమ్మవచ్చా? (చర్చలో పాల్గొన్నవారు తమ పేటల పేర్లతోనే రాశారు.)

బ్రాడీపేట: పెద్దపేగు క్యాన్సర్ లింఫు గ్రంథులకు పాకిందో లేదో సి.టి. స్కాన్‌లో చూసేటప్పుడు రేడియాలజిస్టు ప్రధానంగా గ్రంథి పరిమాణం మీదనే ఆధారపడవలసి వస్తున్నది. కానీ చిన్న గ్రంథిలోనూ క్యాన్సర్ ఉండవచ్చు, పెద్దదిగా కనిపించే గ్రంథిలో ఉత్త వాపే ఉండవచ్చు. స్కాన్‌లో కంటికి ఆనని ఛాయాభేదాలను కంప్యూటర్‌తో లెక్కగట్టే రేడియోమిక్స్ అనే పద్ధతి ఇక్కడ అక్కరకు వస్తుందని నా వాదన.

పటమట: ఆపరేషన్ తరువాత పాథాలజిస్టు (కోసి తీసిన భాగాన్ని పరీక్షించే వైద్యుడు) కనీసం 12 గ్రంథులు పరీక్షించి ఎలాగూ తేలుస్తారు కదండీ. ముందే ఊహించి సాధించేదేమిటి?

బ్రాడీపేట: పెద్దపేగు చివరి భాగమైన పురీషనాళం విషయంలో, ఎంతవరకు పాకిందో ముందే తెలిస్తే చికిత్స వరుసే మారుతుంది. గడ్డ తన చుట్టూ ఉన్న పొరకు 1 మిల్లీమీటరు దూరం లోపలికి వచ్చినట్లు ఎం.ఆర్.ఐ.లో కనిపిస్తే, సాధారణంగా ముందు రేడియేషన్, కీమో ఇచ్చి ఆ తరువాతే కోస్తారు.

కృష్ణలంక: ఆ 12 గ్రంథులను అన్నిచోట్లా నిజంగా వెతుకుతున్నారా?

పటమట: మా అన్నయ్య స్కాన్ రిపోర్టులో “చెప్పుకోదగ్గ గ్రంథులు లేవు” అన్న ఒక్క వాక్యమే ఉంది. ఆపరేషన్ తరువాత చూస్తే గ్రంథుల్లో క్యాన్సర్ ఉంది. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ రాయను.

బ్రాడీపేట: అంటే మీ అనుభవం నా వాదననే బలపరుస్తున్నది.

పటమట: పోయిన మనిషిని మీ వాదనకు సాక్ష్యంగా నిలబెట్టకండి! స్కాన్‌కు అందని సంగతులుంటాయని నాకూ తెలుసు. ఆ వాక్యాన్ని ఎంతవరకు నమ్మాలో మాకెవరూ చెప్పలేదన్నదే నా బాధ. రేపు యంత్రం గ్రంథుల్లో క్యాన్సర్ ఉండే అవకాశం నూటికి ఇంత అని అంకె వేస్తే, అది మాకు చెప్పేదెవరు, తప్పితే జవాబు చెప్పేదెవరు?

గవర్నర్‌పేట: నేను సి.టి. టెక్నీషియన్‌ను. స్కాన్ చిత్రాన్ని ఎంత మందం పలకలుగా (అడ్డకోతలుగా) తీశామన్నది మారినా, కాంట్రాస్టు మందు ఎక్కించాక స్కాన్ తీసే సమయం మారినా ఆ రేడియోమిక్స్ లెక్కలు మారిపోతాయి. వేరే దేశపు స్కాన్లతో నేర్పిన యంత్రాన్ని మన రోగుల మీద సరిచూడకుండా వాడకూడదు.

బ్రాడీపేట: సరిచూడాలన్నది ఒప్పుకుంటాను. జవాబుదారీ సంతకం పెట్టిన వైద్యుడిదే. అయితే ఆ అంకె వైద్యుల మధ్యనే ఉండాలి. రోగికి చెబితే భయంతో చికిత్స మానుకుంటాడు.

పటమట: మీకూ నాకూ పొసగనిది అక్కడే. కీమో కోసం పొలం అమ్మాలా వద్దా అని రాత్రంతా కూర్చుని తేల్చుకునేది ఇంటివాళ్లు. ఆ అంకె ముందుగా చేరవలసింది వాళ్లకే.