శనివారం రాత్రి అలా, ఆదివారం పొద్దున కీబోర్డు ముందు

కీబోర్డు తమ్ముడు:

అందరికీ వందనాలు. అసలు పేరుతో రాసే ధైర్యం లేదు, ఏమీ అనుకోవద్దు. నాకు 26. ఊరు గుంటూరు వైపు, ఐటీ ఉద్యోగం, ఇంటి నుంచే పని. నాన్న సంఘ పెద్ద. పదహారో ఏట బాప్తిస్మం తీసుకున్నాను, అప్పటి నుంచి మా చర్చిలో కీబోర్డు నేనే.

సంగతేంటంటే బూతు వీడియోలు. ఇంటర్ హాస్టల్లో ఒకడి ఫోన్లో మొదలైంది, 2016లో జియో వచ్చాక నా చేతిలోకే వచ్చేసింది. రెండుసార్లు 21 రోజుల ఉపవాస ప్రార్థన చేశాను, ఆ 21 రోజులూ బాగానే ఉంటుంది, 23వ రోజుకి మళ్ళీ మామూలే. ఒక యూత్ మీటింగ్‌లో "ఈ పాపంలో ఉన్నవాళ్ళు చేతులెత్తండి" అన్నారు. నేను వెనకాల మెల్లగా వాయిస్తున్నాను, రెండు చేతులూ కీబోర్డు మీదే ఉన్నాయి, ఎత్తడానికి లేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ రోజు రాలేదు.

నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం. తీసుకుంటే అయోగ్యంగా తీసుకున్నానని భయం, తీసుకోకపోతే ఇంటికొచ్చాక "ఏమైంది నాన్నా" అని అమ్మ. మొన్న కడుపునొప్పి అన్నాను. అంటే దాని మీద ఇంకో అబద్ధం.

అసలు నాకు రక్షణ ఉందా, అంటే దేవుడు నన్ను క్షమించి తనవాడిగా చేసుకున్నట్టేనా? కీబోర్డు మానేయాలా? ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, ఆ అమ్మాయికి చెప్పాలా వద్దా?

ప్రార్థనా యోధుడు:

బ్రదర్, స్మార్ట్‌ఫోన్ అమ్మేసి బటన్ల ఫోన్ కొనుక్కోండి. కన్ను అభ్యంతరపరిస్తే పెరికి పారేయమని ప్రభువే చెప్పాడు, మత్తయి 5:29 చదవండి. ఇంత పెట్టుకుని వాయిద్యం ముట్టుకోవడం వేషధారణ. సీరియస్‌గా పశ్చాత్తాపపడితే ఒక్క రాత్రిలో పోతుంది.

నలభై దాటినోడు:

పైన బ్రదర్ చెప్పినట్టు నేను ఫోన్ అమ్మేశాను కూడా. ల్యాప్‌టాప్ ఆఫీసుది, అదెట్లా అమ్మను? 2018లో కోర్టు చెబితే ప్రభుత్వం 827 సైట్లు ఆపించింది, మరుసటి రోజుకే మా పాత ఫ్రెండ్స్ గ్రూపులో ఆ అడ్డు దాటించే వీపీఎన్ లింకు తిరుగుతోంది. అడ్డు పెట్టొద్దని కాదు, పెట్టు తమ్ముడూ, కానీ అడ్డొక్కదానితో నాకైతే పోలేదు.

నన్ను పదిహేనేళ్ళు అందులోనే తిప్పింది ఆ వీడియోలకంటే వాటి తర్వాత వచ్చే సిగ్గే. పడతాం, ఛీ అనుకుంటాం, దేవుడి ముందుకి వెళ్ళడానికి మొహం చెల్లదు, ప్రార్థన మానేసి నాలుగు రోజులు ఎవరితో సరిగా మాట్లాడకుండా తిరుగుతాం, ఆ ఒంటరితనం తట్టుకోలేక మళ్ళీ దాని దగ్గరికే వెళ్తాం. ఆదికాండం మూడో అధ్యాయంలో ఆదాము చేసిందీ అదే, భయపడి చెట్ల చాటున దాక్కున్నాడు. ఎక్కడున్నావు అని పిలుచుకుంటూ వచ్చింది దేవుడు. మన మీటింగుల్లో చెట్ల చాటు గురించి చెప్పినంత ఆ పిలుపు గురించి చెప్పరు, ఎందుకో మరి.

నేను చేసింది చెప్తాను. ఒక చిన్న పుస్తకంలో పడిన ప్రతిసారీ టైమూ, చోటూ, ఆ రోజు ఏం జరిగిందో రాశాను. మూడు నెలలు రాస్తే సిగ్గేసేంత తేలికగా తెలిసిపోయింది: రాత్రి పదకొండున్నర దాటాక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, మేనేజరు గడ్డి పెట్టిన రోజున. కోరిక కంటే అలసటా, అవమానమే ఎక్కువ. అప్పుడు ఛార్జర్ హాల్లోకి మార్చాను. తర్వాత ఒక్క మనిషికి చెప్పాను, యాకోబు 5:16లో ఉన్నదే. కానీ ఎవరికి చెప్తున్నావో చూసుకో. మా పాత సంఘంలో ఒకబ్బాయి ఏడ్చి చెప్పుకున్నది తర్వాతి ఆదివారం ప్రసంగంలో ఉదాహరణగా వచ్చింది, పేరు చెప్పలేదు, ఊరే పెట్టేసుకుంది. వాడు మళ్ళీ ఏ చర్చి గుమ్మమూ ఎక్కలేదు.

ఇంకోటి, రోజులు లెక్కపెట్టే పిచ్చి వద్దు. నేను 120వ రోజున పడ్డాను. అంతా సున్నా అయిపోయిందనుకుని ఆ వారమంతా పాడుచేసుకున్నాను. ఆ 119 రోజులు ఎవరైనా ఎత్తుకెళ్ళారా?

రక్షణ గురించి: లేనోడికి ఇంత బాధ ఎందుకయ్యా? రోమా ఏడు చదివి అక్కడే ఆగకు, ఎనిమిదిలో మొదటి వచనం దాకా చదువు, క్రీస్తులో ఉన్నవాళ్ళకి శిక్షావిధి లేదని ఉంటుంది. కీబోర్డు మాత్రం రెండు నెలలు ఇంకొకరికి ఇచ్చి చూడు. శిక్ష అనుకోకు, ఆదివారం ఒక్కసారి కింద కూర్చుని వినొచ్చు కదా అని.

ఇద్దరు పిల్లల తల్లి:

తమ్ముడూ, అమ్మాయి వైపు నుంచి నేను చెప్తాను. పెళ్ళైన రెండో ఏడు మావారి ఫోన్లో చూశాను. వీడియోల కంటే, రెండేళ్ళు నా పక్కనే పడుకుని దాచాడన్నది ఎక్కువ నొప్పి. ఇప్పుడు బాగానే ఉన్నాం, దానికి చాలా టైం పట్టింది. పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుందని పెద్దవాళ్ళు అంటారు, నమ్మొద్దు. భార్య మందు కాదు.

చెప్పు. పెళ్ళిచూపుల్లో కాఫీ ఇచ్చేటప్పుడు కాదులే, మాట కలిశాక, ప్రధానం కాకముందు. ఏం చూశావో ఆ వివరాలు ఆ పిల్లకి అక్కర్లేదు. ఉందని, దానికి ఏం చేస్తున్నావో చెప్పు చాలు. వద్దంటే వద్దనే హక్కు ఆమెకి ఉంది.

చేతులెత్తమన్నప్పుడు అందరూ అబ్బాయిల వైపే చూస్తారు. డిగ్రీలో నాకూ ఉండేది ఈ అలవాటు. ఆడపిల్లకి ఇలా ఉంటుందని ఎవరూ అనరు కాబట్టి లోకంలో నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. కోరిక ఉండటమే పాపమన్నట్టు పెంచారు మమ్మల్ని. ఆదాము, హవ్వ సిగ్గెరగకుండా ఉన్నారని అదే బైబిల్లో ఉంది, ప్రేమ పాటల పుస్తకం పరమగీతమూ ఉంది. ఇన్నేళ్ళలో ఆ పుస్తకం మీద ఒక్క ప్రసంగం విన్నట్టు గుర్తులేదు నాకు.

సైకియాట్రీ పీజీ:

నేనూ విశ్వాసినే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన ఐసీడీ-11 అనే రోగాల జాబితాలో, లైంగిక ప్రవర్తన అదుపు తప్పి నెలల తరబడి పనినీ, ఆరోగ్యాన్నీ, బంధాల్నీ దెబ్బతీస్తుంటే దాన్ని ఒక రుగ్మతగా చేర్చారు. అది అక్కడ వ్యసనాల జాబితాలో లేదు, ఉద్వేగాన్ని ఆపుకోలేని రుగ్మతల్లో ఉంది. ఇది తప్పు అన్న నైతిక బాధ ఒక్కటే ఉంటే రోగమని చెప్పడానికి సరిపోదని కూడా స్పష్టంగా రాశారు. అందుకే మీరే "నేను అడిక్ట్" అని ముద్ర వేసుకోకండి. నిద్ర, పని పాడవుతున్నాయా, మానుదామని చూసినా మళ్ళీ మళ్ళీ చేజారుతోందా, దిగులుగా ఉంటోందా, ఇవి చూడాలి. 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం రేపటిదాకా ఆగొద్దు. ప్రార్థన మానేయమనే డాక్టరు ఎదురైతే డాక్టర్ని మార్చండి.

కీబోర్డు తమ్ముడు:

అందరికీ థాంక్స్. అక్కా, మీరు రాసింది మూడుసార్లు చదివాను. నిన్న రాత్రి మా బావకి చెప్పాను. బండి మీద వెనక కూర్చుని చెప్పాను, మొహం కనపడదు కదా. చాలాసేపు ఏమీ అనలేదు. టీ కొట్టు దగ్గర ఆపి, ఇంకెవరికి తెలుసు అన్నాడు. ఎవరికీ తెలీదన్నాను. "పదేళ్ళ నుంచా?" అని ఇంకో రెండు టీలు చెప్పాడు. ఆయనకేం చెప్పాలో తెలీలేదనుకుంటా.

ఛార్జర్ హాల్లో పెట్టాను. పాడైందా అని అమ్మ అడిగింది. లేదమ్మా, రాత్రిళ్ళు ఫోన్ ఎక్కువ చూస్తున్నాను, అందుకే అన్నాను. ప్రస్తుతానికి అంతే చెప్పగలిగాను. మొదటి ఆదివారానికి ఇంకా తొమ్మిది రోజులుంది.