తెర ఆరితే కరెంటు ఎంత మిగులుతుంది?

ప్రశ్న (కావలి):
అయ్యా, కావలిలో నాకు చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల కేంద్రం ఉంది. నాలుగు కంప్యూటర్లు పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది వరకు ఆన్‌లోనే ఉంటాయి. రోహిణి కార్తె ఎండలకు పన్నెండు దాటితే నాలుగింటి దాకా మనిషన్నవాడు రాడు. కరెంటు కలిసివస్తుందని అన్నింటికీ స్క్రీన్ సేవర్ పెట్టినా బిల్లులో తేడా రాలేదు. పొరపాటు ఎక్కడుంది?

జవాబు (ఒంగోలు):
స్క్రీన్ సేవర్ కరెంటును కాపాడదండీ. వెనకటి డబ్బా మానిటర్లలో ఒకే బొమ్మ గంటల తరబడి నిలిచిపోతే గాజు లోపలి పూత మీద దాని మచ్చ ఉండిపోయేది. ఆ మచ్చ పడకుండా చేసిన ఏర్పాటు అది. ఇప్పటి మానిటర్‌లో తెర వెనుక దీపాలు వెలుగుతూనే ఉంటాయి కనుక, తెర మీద చేపలు ఈదినా, అంతా నల్లగా కనిపించినా ఖర్చు దాదాపు ఒకటే.

విండోస్ 10, 11 రెండింటిలోనూ సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద పవర్ అనే భాగం ఉంటుంది. తెర ఎన్ని నిమిషాలకు ఆరిపోవాలో, కంప్యూటర్ ఎన్ని నిమిషాలకు స్లీప్‌లోకి వెళ్లాలో అక్కడ విడివిడిగా పెట్టుకోవచ్చు. తెరకు 5 నిమిషాలు పెట్టండి. తెర ఆరినంత మాత్రాన డౌన్‌లోడ్ గానీ ప్రింటు గానీ ఆగదు. స్లీప్‌కు మాత్రం 30 నిమిషాలైనా ఇవ్వండి, ఎందుకంటే సగం నింపిన దరఖాస్తు ఉండగా కంప్యూటర్ నిద్రపోతే ఆ వెబ్‌సైటు మళ్లీ మొదటి నుంచి లాగిన్ అడిగే అవకాశం ఉంది. ప్రింటర్‌ను మిగతావాటితో పంచుకుంటున్న కంప్యూటర్‌కు పని వేళల్లో స్లీప్ అసలు వద్దు. అది పడుకుంటే మిగిలిన మూడింటి నుంచీ ప్రింటు రాదు.

లెక్క కూడా చూడండి. మానిటర్‌కు సుమారు 20 వాట్లు అనుకుంటే, నాలుగు మానిటర్లు రోజుకు నాలుగు గంటలు ఆరి ఉంటే నెలకు సుమారు తొమ్మిదిన్నర యూనిట్లు మిగులుతాయి. పెద్ద మొత్తమేమీ కాదు. సాధారణంగా మానిటర్ కంటే పక్కనున్న సీపీయూ పెట్టే ఎక్కువ తింటుంది కాబట్టి అసలు లాభం స్లీప్‌లోనే ఉంది. కొత్త మానిటర్లు తరచుగా అవసరానికి మించిన వెలుగుతో వస్తాయి. దాన్ని సగానికి తగ్గిస్తే కళ్లకూ హాయి.

ప్రశ్న (కావలి):
మీరు చెప్పినట్టే చేశాను. మూడు తెరలు ఆరుతున్నాయి, గుమ్మం పక్కది మాత్రం ఆరడం లేదు.

జవాబు (ఒంగోలు):
కమాండ్ ప్రాంప్ట్‌ను (ఆదేశాలు టైపు చేసే కిటికీ) అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, ఏటవాలు గీత పెట్టి రిక్వెస్ట్స్ అని కొట్టండి (powercfg /requests). డిస్‌ప్లే అన్న మాట కింద ఏదైనా ప్రోగ్రాం పేరు కనబడితే తెరను ఆరనివ్వనిది అదే. పొద్దున దేవుడి పాటల వీడియో పెట్టి, గిరాకీ రాగానే శబ్దం మాత్రం తగ్గించి వదిలేసి ఉంటారేమో కూడా చూడండి. అక్కడ ఏమీ లేకపోతే మౌస్‌ను అనుమానించండి. ఆ బల్ల మీద అద్దం ఉందా? అద్దం మీద ఆప్టికల్ మౌస్ నిలకడగా ఉండక బాణం గుర్తు తనంతట తానే అదురుతుంది. అదిరినప్పుడల్లా ఎవరో పనిచేస్తున్నారని కంప్యూటర్ అనుకుని నిమిషాలను మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతుంది.

ప్రశ్నించినవారు (కావలి):
అద్దమే ఉందండీ. మౌస్ కింద పాత పంచాంగం అట్ట వేశాను. ఐదు నిమిషాలకు తెర ఆరింది.